శుభ శుక్రవారం నాటి ఓదార్పు

మాది చేవెళ్ల. పంతొమ్మిది వందల నలభైల మొదట్లో మిషన్ బడి పంతులమ్మగా మొయినాబాద్ వచ్చి, అక్కడే మొదటి కాపురం పెట్టాను. మా కిరాయి ఇంటికి, ఇంటివాళ్ల ఇంటికి మధ్య నడుమెత్తు మట్టిగోడ ఉండేది. ఇంటాయన పట్నంలో కొలువు చేసేవాడు. ఆయన భార్యను నేను ఆపా, అంటే అక్కా, అని పిలిచేదాన్ని. నాకంటే పెద్దది, పిల్లలు లేరు. బడి విడిచి వచ్చేసరికి గోడకు అటు పీట వేసుకుని బియ్యం ఏరుతూ ఉండేది. ఇటు నేను కూర్చునేదాన్ని.

మాటలు ఎక్కడ మొదలైనా యేసుప్రభువు దగ్గరికి చేరేవి. ఆమె ఆయనను ఈసా నబీ, అంటే ఈసా ప్రవక్త, అనేది. ఆయన దేవుని కొడుకని నేనంటే, అల్లాకు పిల్లలుండరని ఆమె నవ్వి ఊరుకునేది. మా ఇద్దరికీ ఆయన తల్లి సంగతి ముఖ్యం. ఆ ఏడు నేను కడుపుతో ఉన్నాను. కన్యకు దేవుని మాటతో బిడ్డ కలిగాడని ఇద్దరమూ నమ్మేవాళ్లం. ఆ తర్వాతే దారులు వేరు. మా మరియమ్మ వెంట యోసేపు ఉన్నాడు. కాన్పు అయినాక బిడ్డను పశువుల తొట్టిలో పడుకోబెట్టింది. వాళ్ల మరియం ఒక్కతే దూరంగా పోయి, ఖర్జూరపు చెట్టు మొదలు పట్టుకుని, ఇంతకుముందే చచ్చిపోయినా బాగుండునని ఏడ్చింది. దుఃఖపడకు, చెట్టు ఊపు అని మాట వినిపించింది. పండ్లు రాలాయి, కాళ్ల దగ్గర నీళ్లు పారాయి.

"మీ మరియమ్మనే నయం చెల్లె, ఎంట మొగుడన్న ఉన్నడు."

"ఉండి ఏం చేసిండాపా? ఇంత జాగ కూడ సంపాయించలేకపాయె."

ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. కాన్పుకు ఆపా దగ్గరుంటుందన్న ధైర్యంతోనే నేను పుట్టింటికి పోనన్నాను.

శుభ శుక్రవారం వచ్చింది. ఉపవాసం ఉండి, చర్చిలో శిలువ మీద ప్రభువు పలికిన మాటలు విని, ఎండలో ఇంటికి వచ్చాను. కళ్లు వాచి ఉన్నాయి. మా వాళ్లెవరో పోయారనుకుని ఆపా లేచి నిలబడింది. సంగతి చెప్పాను. ఆమె ముఖం తేటపడింది. గోడ మీదుగా నా చేయి పట్టుకున్నది.

"ఏడువకు చెల్లె. ఆయన సావలే. అల్లా ఆయనను వాళ్ల చేతికి చిక్కనియ్యలే, పైకి తీసుకపోయిండు. నీకెవరో తప్పు చెప్పిన్రు."

చావు కబురు అబద్ధమని తేలినప్పుడు ఇంటివాళ్లకు చెప్పినట్టు, అంత సంబరంగా చెప్పింది. ఆయన మా కోసం చచ్చిపోయి మూడోనాడు లేచాడన్నదే మా నమ్మకమంతా.

"సావకపోతే మా పాపాలకు దిక్కెవరాపా?" అన్నాను.

ఒకరి పాపం మరొకరు మోయడం ఏమిటో ఆమెకు అర్థం కాలేదు. ఓదార్చబోయి నొప్పించానని మాత్రం అర్థమైంది. మెల్లగా చేయి వదిలి లోపలికి వెళ్లింది. మర్నాటి నుంచి గోడ దగ్గర పీట లేదు. ఇంటికి వచ్చినవాళ్ల పేర్లు రోజూ డైరీలో రాసుకోవడం నా అలవాటు. ఆ వరుసలో ఆపా లేకుండానే నాకు నెలలు నిండాయి.

నొప్పులు పొద్దున మొదలైనాయి. మధ్యాహ్నమైనా కాన్పు కాలేదు. అప్పుడు ఆపా వచ్చింది. చేతిలో వేడినీళ్ల గిన్నె, అందులో పిడికిలిలా ముడుచుకున్న ఎండు మొక్క. దాన్ని మరియం పంజా, అంటే మరియం చేయి, అంటారు. ఆమె అత్త హజ్ నుంచి తెచ్చింది. నీళ్లలో అది విచ్చుకున్నకొద్దీ తల్లి కష్టం తేలికవుతుందని వాళ్ల నమ్మకం. ఆపాకు దాన్ని తన కోసం నానబెట్టుకునే రోజు రాలేదు. గడప బయటే ఆగి అడిగింది.

"మరియందే చెల్లె. మీ మరియమ్మదే. పెట్టొచ్చునా?"

తలూపాను. గిన్నె నా తల దగ్గర పెట్టి పక్కన కూర్చున్నది. ఆమె దువా ఆమెది, నా ప్రార్థన నాది. పొద్దు గూకకముందే బిడ్డ పుట్టింది. పంజాను ఎండబెట్టి తిరిగి ఇచ్చేశాను, ఇంకో ఇంటికి కావాలి కదా. మళ్లీ పీట గోడ దగ్గరికి వచ్చింది. శుక్రవారం మాట మాత్రం ఇద్దరమూ ఎత్తలేదు.

నలభైల చివర వాళ్లు ఇల్లమ్ముకుని వెళ్లిపోయారు. ఎక్కడున్నారో తెలియలేదు.

నా నమ్మకం మారలేదు. ఇప్పుడు చేవెళ్లలోనే ఉంటున్నాను. ఏటా శుభ శుక్రవారం చర్చి నుంచి కళ్లు తుడుచుకుంటూ ఇంటికి వస్తాను. అప్పుడు ఎవరైనా చేయి పట్టుకుని, ఆయన చావలేదని చెబితే బాగుండునని ఉంటుంది. ఇంకొక్కసారి చెప్పు ఆపా అని అడగాలని ఉంటుంది.