రబ్బరు మెత్తలకు ఆముదం

మా జగ్గయ్యపేటకు గాని, నేను తెలుగు పాఠాలు చెప్పే నందిగామకు గాని ఆ రోజుల్లో రైలు లేదు. భూమి అదరడం నేను కావ్యాల యుద్ధవర్ణనల్లో చదివినదే. మా చెల్లెలి కాపురంలో దానిని కళ్ళారా చూశాను.

మా బావ రైలుదారి ఇనస్పెక్టరు. మధిర వైపు ఒక చిన్న స్టేషనులో, పట్టాల పక్కనే ఆయన క్వార్టర్సు. గూడ్సుబండి వచ్చినప్పుడల్లా గూట్లో ఇత్తడి గ్లాసులు గణగణమనేవి. నెలల పసివాడు ఉలికిపడి కెవ్వుమనేవాడు.

చూడవచ్చిన మా అమ్మ అల్లుడితో తేల్చిచెప్పింది. "ఈ అదురులో బిడ్డ ఎట్లా పెరుగుతాడు నాయనా? తల్లినీ బిడ్డనీ పేటకు తీసుకుపోతా. నువ్వు సెలవులకు వచ్చి చూసిపో."

చెల్లెలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

అరవయ్యో దశకం చివరి మాట అది. పట్టాల కింద అడ్డంగా పరిచే కాంక్రీటు స్లీపర్లకూ, ఆ పట్టాలకూ నడుమ కృత్రిమ రబ్బరు మెత్తలు వేసి, ఎన్నాళ్ళు మన్నుతాయో చూడమని అప్పుడే బావకు ఉత్తరువు వచ్చింది. అదృష్టవశాత్తు పరీక్షకు ఎంచిన దారి ఆ ఇంటి ముందుదే. మెత్తలు పడిన సాయంత్రం అమ్మ గ్లాసు నిండా నీళ్ళు పోసి గచ్చుమీద పెట్టి, ఎదురుగా బాసింపట్టు వేసుకు కూర్చుంది. బండి వెళ్ళింది. నీళ్ళు వణికాయి గాని ఒలకలేదు. పిల్లవాడు నిద్రలోనే పెదవులు చప్పరించాడు.

"కొత్తలో అన్నీ బాగానే ఉంటాయి," అంది అమ్మ. "మన ఎండలకు రబ్బరు అప్పడమైపోతుంది. వేసవి వెళ్ళనీ. అప్పటికీ ఇట్లాగే ఉంటే పిల్ల ఇక్కడే ఉంటుంది. లేదా, నాతో బస్సెక్కుతుంది."

"పైవాళ్ళ పరీక్షే అనుకున్నా. మీది ఇంకా కఠినమండి అత్తయ్యగారూ!" అన్నాడు బావ.

ఆ పరీక్ష నిమిత్తం అమ్మ వేసవంతా అక్కడే మకాం పెట్టింది. బడి సెలవులు కనుక నేనూ చేరాను. మనుమణ్ణి ఒళ్ళో వేసుకుని రోజూ గ్లాసు నింపుకునేది. రోహిణీకార్తెలో పట్టామీద చెయ్యి ఆనేది కాదు. అమ్మకు దిగులు పట్టుకుంది. అది దేనికో మాకు తెలియలేదు.

ఒక ఉదయం బావ వరండాలో కేక పెట్టాడు. మార్పిడికని అట్టిపెట్టిన మెత్తలన్నీ నూనె ఓడుతూ నిగనిగలాడుతున్నాయి!

"ఆముదం రాశా," అంది అమ్మ నిబ్బరంగా. "చెప్పులకు రాస్తే బీటలు వారవు కదా. పట్టాల కిందవాటికి కూడా రాయమని మేస్త్రీతో చెబుదామనుకుంటున్నా."

"రామ రామ! తోలు వేరు, రబ్బరు వేరండీ! నూనె తగిలితే ఇది చెడుతుంది!"

చెల్లెలు పక్కున నవ్వింది. "ఏమే అమ్మా, అవి మన్నకూడదని కూర్చున్నదానివి, మన్నాలని నూనె రాశావా?"

"మన్నకూడదని నేనెప్పుడన్నానే? పొయ్యిమీద పాలు చూసుకో, పో!"

పొయ్యిమీద పాలే లేవు. బావ కూడా కోపం మరచి నవ్వాడు.

తొలకరి పడ్డాక పట్టా ఎత్తి మెత్తలు బయటికి తీశారు. అంచులు కొద్దిగా అరిగాయి; ఒకటి చీలింది. తక్కినవి బొటనవేలితో నొక్కితే అణగి, మళ్ళీ లేచాయి. అమ్మ కూడా ఒకదాన్ని అందుకుని నొక్కి చూసింది. లోపలికి వెళ్ళి, తన చీరలు మాత్రమే సంచిలో సర్దుకుంది.