ఏటి మారినాది?

తారకేశ్వరరావుకు ఒక్కటే జబ్బు. ఎవరేం చెప్పినా "నిన్నటికీ ఇయాల్టికీ ఏటి మారినాది?" అని అడుగుతాడు. పలాసలో ఓ ఆసుపత్రి కంప్యూటర్లన్నీ ఆయన చేతిలోవే కాబట్టి అక్కడ ఆ ప్రశ్న చెల్లుతుంది. పెళ్లిభోజనాల్లోనూ అడుగుతాడు! పులుసులో ఉప్పెక్కువైందంటే ఉప్పు మారిందో, గరిటె మారిందో, వంటవాడే మారాడో తేలేదాకా విస్తరి ముందునుంచి లేవడు.

స్కాన్ గదిలో పనిచేసే లక్ష్మీప్రియ ఓసారి నోరుజారి తలనొప్పి అంది. తలనూనె దగ్గర్నుంచి దిండు దాకా విచారణ జరిగింది. దోషి దిండే. ఆమెకు ఒళ్లు మండింది గానీ, నొప్పి మాత్రం పోయింది.

ఆ సోమవారం ఉద్దానం తీరంనుంచి బొడ్డమ్మ నడుంనొప్పితో వచ్చింది. మూత్రపిండంలో రాయి. ఆపరేషన్ కావాలో వద్దో విశాఖ డాక్టరు స్కాన్ చూసి చెప్పాలి. ఆ స్కాన్ స్టోరేజీ పెట్టెలోంచి సర్వరుకు రానంటోంది.

"కేబుల్ పోయిందేమోనండీ," అంది లక్ష్మీప్రియ.

"ఎక్స్‌రేలు వత్తన్నాయి కదా! పెద్ద ఫైళ్లే ఆగిపోతన్నాయి. ఏటి మారినాది?"

"ఏమీ మారలేదండీ బాబూ!"

"మారినాది," అన్నాడాయన, దొంగను పట్టుకున్నంత సంబరంగా. "నిన్న సర్వరుకి కొత్త కెర్నల్, అదే దాన్ని నడిపే అసలు ప్రోగ్రాము, ఎక్కించినాను. దొంగని నానే!"

"అంటే?"

"పాత కెర్నల్ ఒక్కోసారికి కొంచెం కొంచెం డేటా అడిగేది. కొత్తది ఒక్కపాలే పెద్ద ముద్ద అడుగుతంది. పెట్టె ముసిల్ది. ఇవ్వలేక నిలబడిపోతంది."

ముద్ద సైజు సగానికి తగ్గించాడు. రాలేదు. మళ్లీ సగం చేశాడు. స్కాన్ గబగబా వచ్చేసింది. కాసేపటికి విశాఖనుంచి ఫోన్: ఆపరేషన్ అక్కర్లేదు, మందులు చాలు.

ఆ మాట చెప్పడానికి లక్ష్మీప్రియ పరుగున వెళ్లేసరికి, తారకేశ్వరరావు అప్పటికే బొడ్డమ్మ పక్కన బల్లమీద ఉన్నాడు.

"పొద్దున్న గలగలా మాటాడినావు. ఇప్పుడు నోరిప్పవు. ఏటి మారినాది పిన్నీ?"

"తోడొచ్చిన మనిషి సేపల బేరానికెల్లిపోనాది బాబూ. ఒక్కదాన్నే. బయమేత్తంది."

బొడ్డమ్మ పొద్దున్న ఎలా ఉందో ఆ ఆసుపత్రిలో ఇంకెవరూ గమనించలేదు. లక్ష్మీప్రియ కూడా.

"ఆపరేషన్ లేదమ్మా, మందులేనట!" అంది ఆమె.

"ఇంకేటి బయం? నా స్కూటరు మీద నాను దింపుతాను, పద," అన్నాడాయన.

బొడ్డమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "అందర్నీ అడుగుతావు గానీ, పెళ్లయినాక నీకేటి మారినాది బాబూ?"

"ఇంట్లో ఈ ప్రశ్న అడగడం మానేసినాను పిన్నీ."

బొడ్డమ్మ నవ్విన నవ్వుకు వార్డులోంచి నర్సులు తొంగిచూశారు.