సుభద్రమ్మ గారి గురువారం క్లాసు

నిజం రాయమని వెంటపడి రాయించి, తీరా రాశాక ఆ కాగితాలు తానే కాజేసిన మనిషిని ఏమనాలి? టీచరనాలా, దొంగనాలా? ఇన్నాళ్ళయినా తేలలేదు.

నరసన్నపేట సుభద్రమ్మ ముప్పై మూడేళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయింది. ఆ ముప్పై మూడేళ్ళలో ఒక్క పిల్లవాడి చేతా సొంత వాక్యం రాయించిన పాపాన పోలేదు. గైడులో ఉన్నది ఉన్నట్టు దించితేనే మార్కులు వేసింది. అలాంటి ఆవిడకి సబ్‌జైల్లో ఉన్నవాళ్ళ చేత కథలు రాయించాలని కోరిక పుట్టింది. బయటివాళ్ళయితే లేచిపోతారు, లోపలివాళ్ళు ఎక్కడికి పోతారులే అనుకుందేమో. సూపరింటెండెంటు హరిబాబు మారుమాట లేకుండా ఒప్పుకున్నాడు. పైకి పంపే నివేదికలో ‘పరివర్తన’ అనే గడి ఏడాదిగా ఖాళీగా ఉంది మరి.

మొదటి గురువారం పదకొండు మంది కూర్చున్నారు. అందరూ కేసు తేలని రిమాండు వాళ్ళే. “మీ పెరట్లో మొక్క గురించి రాయండి” అంది సుభద్రమ్మ. మోటారుసైకిళ్ళ దొంగతనం కేసులో వచ్చిన నరేష్ ఇలా రాశాడు: “సదరు మొక్కతో నాకు ఎట్టి సంబంధము లేదు. అది మొలచిన దినమున నేను ఊరిలో లేను.” కింద సంతకం, పక్కన ఇద్దరు సాక్షులకి ఖాళీ. తక్కిన పదిమందీ ఇంచుమించు అంతే. సర్కారువారి గోడల మధ్య తెల్లకాగితం మీద ఏం రాసినా అది వాంగ్మూలమేనని వాళ్ళకి అనుభవం. సుభద్రమ్మకి డిగ్రీలున్నాయి గాని ఆ అనుభవం లేదు.

“జరిగింది జరిగినట్టు నిజం రాయండి. ఇక్కడ రాసింది ఈ గోడ దాటదు. పూచీ నాది” అంది.

నెల తిరిగేసరికి ఆ పూచీని ఒక్కడు నమ్మాడు. పేరు జోగయ్య, యాభై ఏళ్ళుంటాయి, సముద్రం మీద వేట. వలల దగ్గర రెండూళ్ళ పడవలకి గొడవై పక్క ఊరివాడి తల పగిలింది. కొట్టింది జోగయ్యేనని కేసు. ఆ రోజు మనవాడు రాజాంలో పెళ్ళిలో ఉన్నాడని లాయరు వాదన. జోగయ్య మాత్రం నాలుగు పేజీల నిండా తెడ్డు ఎత్తాడు. ఎత్తినప్పుడు చెక్కకి అంటిన ఉప్పునీళ్ళు కళ్ళలో పడ్డాయట. దెబ్బ తగిలాక ముందు వినిపించింది అరుపు కాదట, అవతలి పడవలో గంజిగిన్నె దొర్లిన చప్పుడట.

చదువుతుంటే సుభద్రమ్మకి ఒళ్ళు జలదరించింది. జలదరించినప్పుడు ఊరుకుంటే ఆవిడ గొప్ప నలుగురికీ తెలిసేదెలా? ఆ మధ్యాహ్నమే పట్టుకెళ్ళి హరిబాబు బల్ల మీద పెట్టింది.

హరిబాబు మొదటి వాక్యం చదివి, పేజీలు లెక్కపెట్టి, “అదిరిపోనాది మేడం!” అన్నాడు. “సోమవారం తనిఖీకి జైళ్ళ శాఖ పెద్ద సారు వస్తన్నారు. జోగయ్య చేతే చదివించేద్దాం. తరవాత పుస్తకం వేయిద్దాం, అట్ట మీద మీ పేరు.”

“అబ్బే, నా పేరెందుకండీ” అంటూనే సుభద్రమ్మ ఇంటిపేరు కూడా పూర్తిగా రాసిచ్చింది.

సోమవారం ఏర్పాట్లు మాట్లాడదామని శనివారం మళ్ళీ వెళితే, జోగయ్య భార్య కూర్మమ్మ ములాకత్ ముగించుకుని గేటు దగ్గర కాసుకుని ఉంది.

“టీచరమ్మా, మా ఆయన సేత ఏటి రాయించినావు?”

“కథమ్మా. చాలా గొప్పగా రాశాడు.”

“గొప్పగా! రాజాం పెళ్ళిలో అన్నం తిన్నోడు సముద్రంలో ఒకడి బుర్ర ఎలాగ బద్దలుగొట్టీసినాడమ్మా? లాయరుబాబు నెత్తి బాదుకుంటన్నాడు. పెద్ద సారు ముందర అది సదివితే ఇంక బెయిలూ నేదు, ఏటీ నేదు. గోడ దాటదన్నావంట గదా. మావోడు ఎర్రిబాగులోడు, నమ్మీసినాడు!”

ముప్పై మూడేళ్ళ సర్వీసులో సుభద్రమ్మకి ఇంత సూటిగా పాఠం చెప్పినవాళ్ళు లేరు.

లోపలికి వెళ్ళి “తప్పులున్నాయండీ, దిద్ది తెస్తాను” అంది. పెద్ద సారు ముందు తప్పులు దొర్లుతాయంటే హరిబాబుకి వణుకు. వెంటనే ఇచ్చేశాడు. ఇంటికెళ్ళి ఆ నాలుగు పేజీలనీ గ్యాసు పొయ్యి మీద అంటించింది. తల పగిలినవాడి ఇంట్లోనూ ఒక ఆడమనిషి ఉండే ఉంటుందని అప్పుడు తోచింది. తోచినా మంట ఆర్పలేదు. తరవాత తీరిగ్గా కూర్చుని, జోగయ్య పేరు పెట్టి తనే ఒక కథ రాసింది. అందులో వలలో పడ్డ చేప జాలరికి నీతులు చెబుతుంది. జాలరి ఏడ్చి వల కోసేస్తాడు. మర్నాడు వాడింట్లో ఏం వండుకున్నారో మాత్రం రాయలేదు.

సోమవారం షామియానా కింద జోగయ్య ఆ కాగితాలు అటూ ఇటూ తిప్పాడు.

“అమ్మా, ఇది నాది కాదు గదా.”

“నీదే. చదువు.”

“సేప మాటాడతాదేటి?”

“ఇవాళ మాట్లాడుతుంది. నీకు బెయిలు కావాలా, వద్దా?”

జోగయ్యకి సంగతి అర్థమైంది. తల ఊపాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

“అయితే నాను రాసింది బాగునేదా అమ్మా?”

ఆవిడ నోరు తెరిచేలోగా మైకులో అతని పేరు పిలిచారు.

కూడబలుక్కుంటూ చదివాడు. చేప నీతులకి పెద్ద సారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. హరిబాబు శాలువా కప్పాడు. చప్పట్లే చప్పట్లు. “ఈ పరివర్తనకి కారకులైన సుభద్రమ్మ గారిని వేదిక మీదకి...” అని మైకు పిలుస్తోంది. శాలువాలో ఉక్కిరిబిక్కిరవుతూ జోగయ్య ఆవిడ కూర్చున్న కుర్చీ వైపు చూశాడు.

కుర్చీ ఖాళీగా ఉంది. గేటు రిజిస్టరులో బయటికెళ్ళిన టైము వేసి సంతకం పెట్టి, ఎవరికీ వెళ్ళొస్తానని చెప్పకుండా సుభద్రమ్మ అప్పటికే రోడ్డు దాటేసింది.