మిరప ఘాటు చాటున

మీ వీధిలో నిన్న పొద్దుటి నుంచి ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడని మనిషి ఎవరో మీకు తెలుసా? తల అటు తిప్పుకోకండి, మిమ్మల్నే అడుగుతున్నాను. ఆదివారం మందిరంలో ముందు వరుసలో కూర్చునే అన్నా, మిమ్మల్నే. శుక్రవారం నమాజు తప్పని భాయ్, శనివారం ఒక్కపొద్దు తప్పని అమ్మా, మిమ్మల్నే. తెలుసా?

మా మేడం గారికి తెలుసు. మా చుట్టుపక్కల ఊళ్ళలో అలాంటి వాళ్ళు ఏ గుమ్మం వెనక కూర్చుని ఉన్నారో ఆమెకు తెలుసు. ఆ మేడం గారు పోయిన వారం సోమవారం నిద్రలోనే వెళ్ళిపోయారు.

కబురు చెప్పింది ఆమె అద్దెకున్న ఇంటి ఓనరమ్మ. "బ్రదర్ గారూ, మేడం లేవట్లేదండీ. తలుపు కొట్టీ కొట్టీ చివరికి మా ఆయన గడియ ఊడగొట్టాడు..." అని ఏడుపు అందుకుంది. కాసేపటికి, "ఫోన్లో అన్నిటికన్నా పైన మీ నంబరే ఉందండీ. అందుకని చేశా" అంది.

నా నంబరు పైన ఎందుకుందో నాకు తెలుసు. ముందు రోజు సాయంత్రం చేశారు.

"అన్నం తిన్నారా బ్రదర్ గారూ?"

"ఇప్పుడే ప్రార్థన కూటం నుంచి వచ్చానమ్మా. తింటాలే."

"తింటాలే కాదు, తినండి. పెట్టేస్తున్నా."

నాతో ఆమె ఆఖరి మాట అదే. గుండె ఆగిందని డాక్టరు గారు చెప్పారు.

ఫోను పెట్టేశాక నాకు మొదట గుర్తొచ్చింది యేసోబు. మా పాలెంలో ట్రాక్టరు నడుపుతాడు. ఒకప్పుడు పొద్దున పళ్ళు తోముకోకముందే బెల్టు షాపు తలుపు కొట్టేవాడు. మానేసి రెండేళ్ళు దాటింది. ప్రతి సోమవారం సాయంత్రం వచ్చి మేడం గారి ఎదురుగా కూర్చునేవాడు. ఆ కూర్చోవడం మీదే ఆ ఇల్లు నిలబడి ఉంది. ఇప్పుడు సోమవారం వచ్చింది, మేడం గారు లేరు. అతను ఎక్కడికి వెళ్తాడు?

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. తాగుడు మానలేకపోతున్న వాళ్ళతోనూ, మనసు చితికి మూలన పడ్డవాళ్ళతోనూ మాట్లాడటానికి మా మండలంలో సర్కారు పెట్టిన కౌన్సెలర్ ఆమె. పర్చూరు వైపు మనిషి. మసీదు వీధిలో పుట్టి పెరిగారు. మా ఊళ్ళో ఆమెకు నా అనేవాళ్ళు లేరు. ఒక గది, ఒక స్కూటీ, రోజుకు లెక్కలేనన్ని టీలు.

మొదట్లో ఆఫీసువాళ్ళు పంచాయతీ ముందు షామియానా వేశారు. ఆటోకి మైకు కట్టి ఊరంతా చాటారు. "తాగుడు మానాలనుకునేవారు, మనసు బాగాలేనివారు తప్పక రావలెను, మజ్జిగ ప్యాకెట్లు ఇవ్వబడును!" షామియానాకి ఎదురుగా టీ కొట్టు. ఆ కుర్చీలో కూర్చున్నవాడు తాగుబోతో పిచ్చివాడో అని టీ కొట్టు మొత్తానికి తెలిసిపోతుంది. ఎవరొస్తారు? ఒక ముసలమ్మ వచ్చి మజ్జిగ తాగి, మనవడికి ఇంకోటి అడిగి పట్టుకెళ్ళింది. అంతే.

మర్నాడు మేడం గారు షామియానా కోసం చూడలేదు. నేరుగా ఊరి బయట మిరప కల్లానికి నడిచారు. కోసిన మిరపకాయలు ఎండబోసే చోటు అది. ఎండిన ఎర్రకాయల్లోంచి రంగు పోయిన తాలుకాయల్ని ఆడవాళ్ళు కూర్చుని ఏరుతుంటారు. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను, మా మందిరం కరపత్రాలు పంచుతూ.

"ఏంటి మేడమ్, కూలికొచ్చారా?" అంది ఒకామె.

"రానిస్తే వచ్చినట్టేనమ్మా."

"చేతులు మండుతయ్యి. రేత్రికి మాతో చెప్పుకుంటారు."

"మండనీ. ఒళ్ళో పెట్టుకుని చూసుకునేంత చేతులేం కాదులే ఇవి."

కూర్చున్నారు. కూర్చున్న కాసేపటికే అలవాటు లేక కన్ను నలుపుకున్నారు. ఇంకేముంది! కళ్ళు, ముక్కు ఏకధార. ఆడవాళ్ళంతా పడీపడీ నవ్వారు. ఒకామె కొబ్బరి నూనె సీసా ఇచ్చింది, ఇంకొకామె కొంగు ఇచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే చివర కూర్చున్న ఒక కోడలు పిల్ల ఏడుస్తోంది. అందరి కళ్ళూ కారుతున్నాయి కాబట్టి ఎవరికీ తెలియలేదు. మేడం గారికి తెలిసింది. ఏమీ అడగలేదు. లేచి, చీర దులుపుకుని, వెళ్ళి ఆ పిల్ల పక్కన కూర్చుని తాలుకాయలు ఏరడం మొదలుపెట్టారు.

ఆ సాయంత్రం నాతో అన్నారు: "బ్రదర్ గారూ, మీ ఊళ్ళో ఇంతమంచి చోటు పెట్టుకుని షామియానా ఎందుకండీ? మిరప కల్లంలో ఎవరూ ఎందుకేడుస్తున్నావని అడగరు."

అప్పటి నుంచి ఆమె పద్ధతి అదే. మిరప రోజుల్లో కల్లాల్లో కూర్చునేవారు. కాయలు కోల్డ్ స్టోరేజీలకి వెళ్ళిపోయి కల్లాలు ఖాళీ అయ్యాక, పంచాయతీ పక్కన తనకిచ్చిన గదిలో ఒక గోతాం తాలు కలిసిన కాయలు పెట్టుకున్నారు. వచ్చినవాళ్ళ ముందు ఒక చాట పోసేవారు. "ఏరుతూ ఉండండి, ఊరికే." చేతులకి పని, కళ్ళు కాయల మీద, ముక్కుకి ఘాటు. మగవాడికి పెళ్ళాం ముందు కూడా రాని కన్నీళ్ళు అక్కడ వచ్చేవి. బయటికొచ్చి, "అబ్బ, ఏం కాయలండీ బాబూ, మండిపోతున్నయ్యి!" అని తువ్వాలుతో తుడుచుకుంటూ పోయేవాడు. ఆ కాయల్లో రెండో రోజుకి ఏరడానికి ఏమీ మిగిలేది కాదు. ఏరినవి మళ్ళీ కలిపేసేవారు. వచ్చినవాళ్ళకీ ఆ సంగతి తెలుసు. ఎవరూ పైకి అనలేదు.

యేసోబు సంగతి చెబుతాను, వినండి. ఇది మీ ఇంట్లోనూ జరగొచ్చు.

అతని భార్య మార్తమ్మ ఒక ఆదివారం మా మందిరంలో అందరి ముందు అతని చేత గ్రంథం మీద చెయ్యి వేయించింది. ఇక ముట్టనని ప్రమాణం. చప్పట్లు కొట్టాం, స్తోత్రాలు చెప్పాం. అతను మాట మీద నిలబడ్డాడు. ఆ పూట నుంచి చుక్క ముట్టలేదు. రెండు రోజులు గడిచాయో లేదో ఒళ్ళంతా వణుకు, గోడ మీద లేని పురుగుల్ని దులపడం, కన్నబిడ్డను పట్టుకుని నువ్వెవరివనడం. "దయ్యం బయటికి పోలేక గింజుకుంటాంది" అన్నారు. మోకు వేసి కట్టి నా దగ్గరికి తెచ్చారు. నా గొంతు మీకు తెలుసు కదా. కప్పు ఎగిరేలా ప్రార్థిస్తున్నాను.

సంగతి విని మేడం గారు చెప్పులు బయట విడిచి లోపలికొచ్చారు. అతని నుదురు పట్టి చూశారు.

"ఇది దయ్యం కాదండీ. రోజూ విపరీతంగా తాగే మనిషి ఉన్నట్టుండి మానేస్తే ఒళ్ళు ఇలా తిరగబడుతుంది. ఫిట్స్ వస్తే ప్రాణం పోతుంది. డాక్టరు దగ్గరుండి మందులిస్తూ మాన్పించాలి. అంబులెన్సుకి చెప్పాను."

"ప్రార్థన మధ్యలో లేపుతావా అమ్మా?" అని ఎవరో అరిచారు.

"ఆపమనట్లేదండీ. బ్రదర్ గారూ, అంబులెన్సు లోపల చేస్తే మీ దేవుడికి వినపడదా?"

ఎక్కాను. దారి పొడుగునా ప్రార్థించాను. డ్రైవరు వెనక్కి తిరిగి, "అయ్యా, మీరుండగా సైరన్ ఎందుకండీ" అన్నాడు. అంత కంగారులోనూ మార్తమ్మ నవ్వింది. యేసోబు బతికాడు. పెద్దాసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ మేడం గారు వెళ్ళి చూసొచ్చారు. ఇంటికొచ్చాక, "ఇప్పుడు మొదలవుతుంది అసలు కష్టం. సోమవారాలు రా, కాయలేరుదువుగాని" అన్నారు.

అందరూ యేసోబులు కాలేదు. నల్లతామర పురుగు తోటను తినేసిన ఏడాది ఒక కుర్ర రైతు ఆమె దగ్గరికి ఒకసారి వచ్చి, మళ్ళీ రాలేదు. ఆ పిల్లవాడు దక్కలేదు. మేడం గారు ఆ తల్లి దగ్గరికి వెళ్ళి అరుగు మీద కూర్చున్నారు. నేను వాక్యం తెరవబోతే చేత్తో వద్దన్నారు. తిరిగొస్తూ, లేఖనంలోని ఒక సంగతి నేనే చెప్పాను. సర్వం పోగొట్టుకుని బూడిదలో కూర్చున్న ఒక భక్తుడి దగ్గరికి స్నేహితులు వచ్చి ఏడు రోజులు నోరెత్తకుండా నేల మీద కూర్చున్నారనీ, నోళ్ళు తెరిచాకే అంతా చెడిందనీ.

"మీరు ఏడు నిమిషాలు ఉండగలరా?" అన్నారు మేడం గారు. కళ్ళు మాత్రం నవ్వలేదు.

వాక్యాన్ని నా మీదికే తిప్పడం ఆమెకు సరదా. చావాలని అడవిలో పొద కింద పడుకున్న ప్రవక్త కథ ఒకసారి చెప్పించుకున్నారు. దూత వచ్చి లేపి ఏం చేశాడని అడిగారు. రొట్టె, నీళ్ళు ఇచ్చాడన్నాను. "ప్రసంగం చేశాడా?" "లేదమ్మా." "మరి?" అంతే. ఆ తర్వాత నుంచి ఎవరు కనబడ్డా ఆమె మొదటి ప్రశ్న, "తిన్నావా?" తాగావా అని అడగడం నేనెప్పుడూ వినలేదు.

మా ఇంటావిడ పోయి నాలుగేళ్ళు. ఆ సంగతి నేను కూటాల్లో ఎన్నోసార్లు చెప్పాను, ఆదరణ గురించి చెబుతూ. ఒక మధ్యాహ్నం గది ముందు నుంచి పోతుంటే మేడం గారు పిలిచారు.

"అందరూ మీతో చెప్పుకుంటారు. మీరెవరితో మాట్లాడతారు బ్రదర్ గారూ?"

"దేవుడితోనమ్మా."

"ఆయనతో సరే. కూరలో ఉప్పెక్కువైందని ఎవరితో చెబుతారు?"

నా దగ్గర వాక్యం ఉంది. ఎప్పుడూ ఉంటుంది. ఆ ప్రశ్నకి మాత్రం ఏదీ తట్టలేదు. ఆమె ఒక చాట కాయలు నా ముందు పోశారు. కూర్చుని ఏరాను. కళ్ళు కారాయి. ఆ కాయలు బాగా ఘాటువి. అప్పటి నుంచి సాయంత్రం ఆ ఫోను వచ్చేది. తిన్నారా, అని.

ఆమెను ఎవరు అడిగేవారు? నాకు తెలియదు.

ఆమె పోయిన రోజు సాయంత్రమే ఖబరస్థాన్‌కి తీసుకెళ్ళారు. పర్చూరు నుంచి తమ్ముడొచ్చాడు, మసీదు వీధి మగవాళ్ళొచ్చారు. వాళ్ళ దువా వాళ్ళు చేస్తుంటే నేను గోడ పక్కన నిలబడ్డాను, జీవితంలో మొదటిసారి గొంతెత్తకుండా. గేటు బయట, ఇంత దూరాన, తాలు ఏరే ఆడవాళ్ళు. కల్లం నుంచి నేరుగా వచ్చేశారు, కొంగులకి ఎర్రటి దుమ్ముతోనే. వాళ్ళ వెనక యేసోబు. మార్తమ్మ నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "బ్రదర్ గారూ, ఇయ్యాల సోమారం అండీ" అంది. ఆ వారమంతా అతను పని నుంచి నేరుగా ఇంటికొచ్చాడు. ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆఫీసులో అడిగాను. కొత్త మనిషిని వేస్తారట. ఎప్పుడో వాళ్ళకీ తెలియదు. గదికి తాళం వేశారు.

నిన్న మళ్ళీ సోమవారం. పొద్దు వాలుతుండగా అటు వెళ్ళాను. యేసోబు తాళం ముందు నిలబడి ఉన్నాడు, తువ్వాలు భుజాన వేసుకుని, లోపలి నుంచి ఎవరో తలుపు తీస్తారన్నట్టు. రోడ్డుకి అవతల బెల్టు షాపు దగ్గర ఇద్దరు అతన్నే చూస్తున్నారు.

"ఏరా యేసోబూ, తాళంతో మాట్లాడతన్నావా? రా రా, ఇటు రా!" అన్నాడు ఒకడు.

యేసోబు అటు తిరిగాడు.

నా దగ్గర వాక్యం ఉంది. గొంతు ఉంది. ఆ రెండూ వాడలేదు. పంచాయతీ వెనక ఖాళీ స్థలంలో వేసిన కల్లానికి పరుగులాంటి నడకతో వెళ్ళి, "అమ్మా, ఏరని కాయలు ఇన్ని పోయండి, తొందరగా" అన్నాను. ఎందుకని వాళ్ళు అడగలేదు. గోతాంలో సగానికి పోశారు. నేను తిరిగొచ్చేసరికి అతను రోడ్డు మధ్యలో ఉన్నాడు. నేను పిలవలేదు. గది వరండాలో కాయలు కుమ్మరించి, ఇటుపక్క కూర్చుని ఏరడం మొదలుపెట్టాను. చాలాసేపు తల ఎత్తలేదు. ఎత్తితే ఖాళీ రోడ్డు కనబడుతుందేమోనని.

కాయల మీద నీడ పడింది.

"తిన్నావా?" అన్నాను.

"లేదు" అన్నాడు. కూర్చున్నాడు. కాసేపటికి, "మేడం గారు ఇట్టా ఏరరండీ. మీరు మంచికాయలు కూడా అటేస్తన్నారు" అన్నాడు. అతని ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినబడింది. నాదీ వినబడే ఉంటుంది. చీకటి పడేదాకా ఇద్దరం ఏరుతూనే ఉన్నాం. ఒక్క ప్రసంగం చెయ్యలేదు.

నేను ఒక్కణ్ణి, అతను ఒక్కడు. మిగతావాళ్ళ ముందు ఎవరు కూర్చుంటారు? కొత్త మనిషి వచ్చేదాకా ఆగుతారా? ఆఫీసులో అడగాల్సింది మీరు అడగండి, గట్టిగా అడగండి. ఆ గదికి మనిషిని వెయ్యమని పంచాయతీలో ఈ రోజే నిలబడి అడగండి. ఇంట్లో తాగే మనిషి ఉంటే ప్రమాణాలు చేయించి గదిలో పెట్టకండి, ఈ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. అది ఒక పని. రెండో పనికి ఎవరి సంతకమూ అక్కర్లేదు. మొదట్లో నేను అడిగానే, మీ వీధిలో మాటలేని మనిషి ఎవరని? ఇంతసేపు చదువుతుండగా ఒక ముఖం మీకు గుర్తొచ్చింది. వచ్చింది, నాకు తెలుసు. ఇది కింద పెట్టి లేవండి. చెప్పులు వేసుకోండి. ఆ గుమ్మం ముందు నిలబడి, తిన్నావా అని అడగండి. లేదని చెబితే, పక్కన కూర్చోండి. రేపు కాదు. ఈ పూటే.