పొట్లం కాగితంలో మంత్రమ్మ

ఆ రోజుల్లో మా ఇంట్లో పత్రిక కొనేవారు కాదు గానీ, చదవడానికి కాగితాలకు మాత్రం కరువు లేదు. వరంగల్ బజారులో మాది కిరాణా దుకాణం. పాత పత్రికలు కట్టలకొద్దీ తూకానికి వచ్చేవి. వాటిని కత్తిరించి, ఉడికించిన మైదా లైతో అంచులు అంటించి పొట్లాలు చేయడం మా అత్తాకోడళ్ల పని. మూడో తరగతి దాకా చదివాను (అదీ వానాకాలం బడికి పోలేదు). చేతులు పని చేస్తుంటే కళ్లు అక్షరాలు కూడబలుక్కునేవి. అలా ఒక కాగితంలో ఆమె ఫోటో కనబడింది. ఎక్కడో సముద్రం నడుమ ద్వీపదేశంలో, దవాఖానలో నర్సుగా చేసిన ఆడమనిషి మంత్రిగా ప్రమాణం చేసిందట. పేరు నోరు తిరగలేదు. మంత్రమ్మ అనుకుని, ఆ కాగితాన్ని నా పెట్టెలో అడుగున పరిచాను.

సరిగ్గా అప్పుడే మా వాడలో మహిళా మండలి పెట్టారు. వాడంతటికీ నీళ్ల నల్లా ఒక్కటే. రెండోది మా ఇల్లున్న చివరన వేయించాలని నా పట్టుదల. మండలి అధ్యక్షురాలు ఎక్కడ చెబితే అక్కడే వేస్తామన్నారు మున్సిపాలిటీ వాళ్లు. గాజులమ్మే ఆవిడ (అందరికీ గాజులక్క) మీద పోటీకి నా పేరిచ్చాను.

"ఏందే, పొయ్యి కాడ కూసునేదానివి కుర్సీల కూసుంటవా?" అంది అత్త.

"ఆ దేశంల నర్సమ్మ మంత్రి అయింది అత్తమ్మా. నేను ఒక్క నల్లా తేలేనా?"

"ఆమెకు అత్త లేనట్టున్నది."

ఓట్ల ముందురోజు, అత్త అంటించిన పొట్లంలో చింతపండు కడుతుంటే, దాని మీద మళ్లీ మంత్రమ్మ ఫోటో. ఎన్నికల్లో ఓడిపోయిందట. అంతటామెకే కుర్చీ నిలవలేదు, నేనెంత? సాయంత్రానికల్లా పోయి పేరు వెనక్కి తీసుకున్నాను. ఆ పూట అత్త నా చాయ్‌లో ఇంకో చెంచా చక్కెర వేసింది. మా ఇంట్లో అది చిన్న విషయం కాదు.

పోటీ లేకుండానే గాజులక్క గెలిచింది. రెండో నల్లా వచ్చింది, ఆమె వాకిట్లోకి. నేను బిందె పట్టుకుని పోతే, "జర పక్కకు జరుగు చెల్లె, ముగ్గు తొక్కుతానవ్" అనేది.

ఆ చింతపండు పొట్లాన్ని పారేయలేదు, అందులో గుండీలు దాచుకున్నాను. రెండేళ్ల తర్వాత ఒక వానకు అది తడిసి లై ఊడింది. అంచు విడిపోతే లోపల తారీఖు బయటపడింది. పెట్టె అడుగు కాగితం తీసి పక్కన పెట్టి చూశాను. ఓటమి కాగితమే దానికన్నా ఐదేళ్లు పాతది! తూకం కట్టల్లో ఏళ్లన్నీ కలిసిపోయి వస్తాయి కదా. ఆమె ముందు ఓడింది, ఆ తర్వాతే మంత్రి అయింది. నేనేమో వెనక నుంచి చదివాను.

పరుగున పోయి అత్తకు చూపించాను. ఆమె రెండు కాగితాలూ తిప్పి చూసి, "అయితే నీళ్లు తెచ్చినవా లేదా?" అంది.

ఇప్పుడు నల్లా వంటింట్లోనే ఉంది. ఏ కాగితం చేతికొచ్చినా ముందు తారీఖు చూస్తానని మనవరాలు నవ్వుతుంది. నవ్వనీ. ఓడిపోయిన మర్నాడు ఆ మంత్రమ్మ ఏం చేసిందో రాసిన కాగితం కోసం ఆ తర్వాత చాలా కట్టలు వెతికాను. అదొక్కటే ఏ పొట్లంలోనూ దొరకలేదు.