ఫొటోలో హోంవర్కు

రాత్రిపూట రాసుకోవడానికి నాకు లైటు అక్కరలేదు. పక్కన పడుకున్న పాప లేవకుండా ఫోను గొంతు తగ్గించి, ఒక్కో అక్షరం వింటూ రాస్తాను. డిగ్రీ చదువుతుండగానే నా చూపు పూర్తిగా పోయింది. చదువు మాత్రం ఆపలేదు. పుస్తకాలు ఫోను చదివి వినిపించేది. అందుకే పాపను ఒకటో తరగతిలో వేసినప్పుడు, దాని చదువు నేనే చూసుకుంటానని ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పాను.

కొద్ది రోజులకే గుబులు పట్టుకుంది. ఆదోనిలో పాప చదివే బడి వెబ్‌సైటులో రోజూ హోంవర్కు పెడతారు. టీచరు బోర్డు మీద రాసి, ఫొటో తీసి ఎక్కిస్తుంది. నా ఫోను ఆ పేజీలో "చిత్రం" అని ఒక్క మాట పలికి ఊరుకునేది. ఫొటోలోని రాత చదివే యాప్ పెట్టి చూశాను. టీచరు చేతిరాత దానికీ కొరుకుడుపడలేదు.

"హోంవర్కు ఏమిచ్చినారు పాపా?"

"ఏమీ ల్యాదు మా."

రోజూ అదే జవాబు, వెంటనే వీధిలోకి పరుగు. చివరికి బడికి పిలిపించారు.

"నోటుబుక్కు ఖాళీగా ఉండాది. మీకు కనపడదు కదమ్మా, ట్యూషన్‌లో ఎయ్యండి" అంది టీచరు.

పాప అబద్ధం ఆడినందుకు కాదు, అమ్మకు తెలిసే దారి లేదని అంత చిన్న వయసులోనే కనిపెట్టేసినందుకే నాకు బాధేసింది.

"ట్యూషన్‌కు పంపను. హోంవర్కు టైపు చేసి పెట్టండి" అన్నాను.

హెడ్‌మిస్ట్రెస్ నవ్వింది. "ఒక్కరి కోసం సైటు యాడ మారుస్తామమ్మా? అది చేసిన పిల్లోడు ఎమ్మిగనూరులో ఉంటాడు."

"ఎమ్మిగనూరులో యాడ? నేనే పోతాను."

మరునాడే బస్సెక్కాను. అతనిది బస్టాండు దగ్గర చిన్న గది.

"మా సైటు శానా బాగుంటాదక్కా, ఆ రంగులు సూడు..." అంటూనే ఠక్కున ఆగిపోయాడు.

నా ఫోను తెరను నల్లగా మార్చి అతని చేతిలో పెట్టాను. "ఈ పొద్దు హోంవర్కు ఏందో సెప్పప్పా."

వేలు ఎటు జరిపినా ఫోను "బటన్... బటన్... చిత్రం" అంటూనే ఉంది.

"దీనెక్క! నేను పెట్టిన బటన్ నాకే దొరకల్యా" అన్నాడు. అక్కడే కూర్చోబెట్టి, ఫోను చదివి వినిపించేలా అన్ని బటన్లకూ పేర్లు పెట్టించాను. "టైపు చేసే పెట్టె మొదట్నుంచీ ఉండాదక్కా. మేడమ్‌లే ఫొటోలు ఎక్కిస్తాండారు" అన్నాడు.

ఆ సాయంత్రం బడి వదిలే వేళకు గేటు దగ్గర నిలబడ్డాను. టీచరూ హెడ్‌మిస్ట్రెసూ అక్కడే దొరికారు.

"ఇంతమంది పిల్లోళ్ళతో టైపు చేసేకి టైం యాడుంది?" అంది టీచరు.

"నోటితో చెప్పండి మేడమ్, ఫోనే రాసుకుంటుంది" అని నా ఫోను ఆమె ముందుకు చాపాను. విసుక్కుంటూనే చెప్పింది. ఫోను రాసుకుంది, రాసుకున్నది గట్టిగా చదివింది కూడా.

పత్తి కూలి నుంచి నేరుగా పిల్లవాడి కోసం వచ్చిందట, ఒకామె నా భుజం తట్టింది. "ఏమ్మా, ఆ ఫోను మాగ్గూడా సదువుతాదా? మాకు కండ్లుండాయి గానీ అచ్చరాలు రావు. మావాడూ దినామూ ఏమీ ల్యాదనే అంటాడు."

"మాదీ అంతే, దొంగముండ!" అని వెనక నుంచి ఇంకో గొంతు. గేటు దగ్గర నవ్వులు.

"ఇప్పుడు ఎంతమందిమి మేడమ్?" అని హెడ్‌మిస్ట్రెస్‌ను అడిగాను. "రేపట్నుంచి నోటితోనే చెప్పి ఎక్కియ్యి" అని ఆమె టీచరుతో అంది.

ఈ సాయంత్రం పాప చెప్పులు విడవకముందే అడిగాను.

"ఏమీ ల్యాదు మా."

ఫోను మీద వేలు పెట్టాను. "క గుణింతం ఒకసారి. రెండో ఎక్కం రెండుసార్లు" అని అది చదివింది.

చెప్పులు విడిచిన చప్పుడు. తర్వాత సంచి జిప్పు లాగిన శబ్దం.

"ఆ ఫోనుకు నోరెక్కువ మా."

"నీయంత ల్యాదులే. కూసో."