కుప్పం ల్యాబులో ఎర్ర లైటు

యుద్ధం, వనవాసం, చివర్లో ఆకాశవాణి కూడా ఉన్న మహాగాథ ఒకటి చెబుతాను. నిజానికి అంత లేదు. కుప్పంలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబులో కిటికీ వైపు కేబుళ్లు టెస్టులో ఫెయిలయ్యాయి.

నేనూ, నాకు పని నేర్పిన అన్నా మదనపల్లె నుంచి బండి మీద వచ్చాం. పుంగనూరులో ఆగి టీ తాగాం, వనవాసమంటే అదే. కేబుళ్లు ముందే వేసి వెళ్లాం, మిగిలింది టెస్టు. మర్నాడు ఆ ల్యాబులో పిల్లలకు ఆన్‌లైన్ పరీక్ష. అన్ని లైన్లూ పాసయినట్టు రిపోర్టు ఇవ్వకపోతే సెంటరు చిత్తూరుకు మారుతుంది. తెల్లారకముందే పిల్లల్ని బస్సెక్కించాల్సింది ల్యాబు మేడమ్.

"ఏమప్పా, ఎర్రగా యాల వస్తాండాది?" అందావిడ, మా చేతిలోని టెస్టరు లైటు చూసి.

"మా మొహాలు సూసి, మేడమ్."

ఆమె నవ్వలేదు. అన్న నా వైపు చూసిన చూపులోనూ నవ్వు లేదు.

గోడ సాకెట్ల వెనక వైర్లు పీకి మళ్లీ బిగించాం. ఎర్ర లైటు. టెస్టరు తీగ మార్చాం. ఎర్ర లైటు.

"ఎలక కొరికిందేమోరా," అన్నాడు అన్న.

"ఇనప పైపులో ఉండాది గదన్నా, ఎలక యాడ దూరుతాది?"

"అయితే నువ్వు దూరి సూడు."

దూరే ఓపిక కూడా లేక నేల మీద కూలబడ్డాను. మేడమ్ పక్కన నిలబడి బస్సు డ్రైవరుకు ఫోన్ చేస్తోంది. అప్పుడు టీ తెచ్చిన ఆయమ్మ నోట ఆకాశవాణి పలికింది.

"అంత పూజ సేస్తే యాల పని సేయదప్పా? ఈ గోడ సాకెట్లకి ఒక్కోదానికీ గంధం పెట్టినా. కిటికీ కాడికి పోయేసరికి గంధం నీళ్లయిపోయినాది, అయినా ఇడ్సలేదు. మరకలని మేడమ్ అరుస్తాదని పొద్దున్నే తుడిసేసినా."

కేబుల్ వేశాక టెస్టు చేస్తారు. ఇక్కడ ముందు పూజ చేశారు. సాకెట్ లోపలికి సెల్ లైటు వేసి చూస్తే, రాగి ముళ్ల మీద గంధం ఎండి పట్టుకుని ఉంది. బ్రష్షుతో, స్పిరిట్‌తో కడిగాం. టెస్టు పెట్టాం.

ఎర్ర లైటు.

మేడమ్ కుర్చీలో కూలబడింది. అన్న కళ్లు మూసుకుని దండం పెట్టాడు. నా దగ్గర జోకులు అయిపోయాయి.

"మళ్లీ గంధం పెడదామా?" అంది ఆయమ్మ.

"వద్దు!" అన్నాం ముగ్గురం.

"అయితే టీ అన్నా తాగండప్పా, సల్లారిపోతాండాది."

తాగాం. ఇంకేం చేయాలో తెలియక మళ్లీ టెస్టు పెట్టాం. ఆ వరుసంతా పచ్చ లైటే. మేడమ్ ఫోన్ తీసి, "బస్సు వద్దులేప్పా," అంది.

ఇందులో దేవుడి పాత్ర గురించి అన్న పుంగనూరు దాకా మాట్లాడుతూనే వచ్చాడు. స్పిరిట్‌తో కడిగిన సాకెట్‌ను ఆరనిచ్చి టెస్టు చేయాలి. తడిగా ఉంటే ఫెయిలనే చూపిస్తుంది.